417 నంబరు రేకు

మా పాప అక్షిత పుస్తకాలకు పనికొస్తుందని పాత సంచి దులుపుతుంటే, అడుగు నుంచి ఒక రేకు ఠంగుమని నేల మీద పడింది. అరచెయ్యి కంటే చిన్న అల్యూమినియం ముక్క. మధ్యలో 417 అని పొడిచిన అంకెలు, పైన మేకు దిగడానికి ఒక రంధ్రం.

ఆ రేకు నా సంచిలో ఉండకూడదు. చెట్టుకు ఉండాలి.

చలికాలంలో మా మున్సిపాలిటీ వాళ్లు ఊళ్లో ఉన్న ప్రతి చెట్టునూ లెక్క రాయించారు. మాది హైవే పక్క ఊరు, కొత్తకోట పోయే బస్సులు ఆగీ ఆగనట్టు ఆగే ఊరు. మొన్నమొన్నటి దాకా గ్రామ పంచాయతీ. మున్సిపాలిటీ కాగానే చెట్లకు కూడా ఆధార్ కార్డులొచ్చాయని మా ఆయన ఎగతాళి. మహిళా సంఘాల నుంచి పన్నెండు మంది ఆడవాళ్లను ఆ పనికి తీసుకున్నారు. మనిషికో సంచి ఇచ్చారు. అందులో టేపు, కొయ్యసుత్తి, మేకులు, నంబర్లు పొడిచిన రేకుల కట్ట. ఫోన్‌లో ఒక యాప్ వేశారు. చెట్టు దగ్గరికి పోవాలి. ఛాతీ ఎత్తులో టేపు చుట్టి లావు కొలవాలి. సుత్తితో చుట్టూ తట్టి చప్పుడు వినాలి. ఫోటో తీసి రేకు కొట్టాలి. ఆ తర్వాత 'బాగుంది', 'కొమ్మలు కొట్టాలి', 'ప్రమాదం', ఈ మూడింట్లో ఒకటి నొక్కితే మున్సిపల్ ఆఫీసులో ఈ సర్వే చూసుకునే విజేందర్ సార్ మ్యాపు మీద పచ్చ చుక్కో, పసుపు చుక్కో, ఎర్ర చుక్కో పడుతుంది. ఏ చెట్టు కొమ్మలు కొట్టించాలో, దేన్ని తీసెయ్యాలో ఆ చుక్కలే చెబుతాయి. మళ్లీ పోయి చూసేవాళ్లు ఉండరు.

417 తొమ్మిదో వార్డు మైసమ్మ వేప. పసుపు పూసిన రాయి, దాని చుట్టూ సిమెంటు గద్దె, ఆ గద్దె మధ్యలోంచి లేచిన పెద్ద వేపచెట్టు. నేను అక్కడికి పోయిన రోజు నాకు ముట్టు.

ఇంట్లో ఇవేవీ నేను పట్టించుకోను. ఆ మూడు రోజులు పొయ్యి ముట్టొద్దన్న మా అత్తతో పెళ్లైన కొత్తలోనే జగడం పెట్టుకుని గెలిచినదాన్ని. డిగ్రీ రెండో సంవత్సరం దాకా చదివాను కూడా. కానీ మైసమ్మ దగ్గర డిగ్రీ పనిచెయ్యదు. మా మేనత్త ఇలాగే ముట్టుతో గద్దె తొక్కితే వారం తిరక్కుండా కాళ్లు పడిపోయాయని అవ్వ చెప్పేది. అది పక్షవాతమని నాకు తెలుసు. తెలిసినా ఆ రోజు నా కాళ్లు గద్దె వైపు కదల్లేదు. ఎదురుగా ఉన్న కిరాణా దుకాణం అరుగు మీద నిలబడి ఫోన్‌లో చెట్టును దగ్గరికి లాగి ఫోటో తీశాను. కంటి అంచనాతో లావు రెండు వందల పది సెంటీమీటర్లని రాశాను. ఆకులు పచ్చగా నిగనిగలాడుతున్నాయి కదా అని 'బాగుంది' నొక్కాను.

ఐదు రోజులాగి తలకు పోసుకుని వచ్చి సరిగా చేద్దామనుకున్నాను. ఈలోపు నన్ను వేరే వార్డుకు మార్చారు. మర్చిపోయానంటే సగం అబద్ధం. ఒకసారి పచ్చ చుక్క పడ్డాక దాన్ని కదిలించి పదిమందిలో నవ్వులపాలు కావడం ఎందుకని ఊరుకున్నాను.

ఊరుకుంటే పోయేదే, పిల్లల బడి అక్కడికి రాకపోతే. అంగన్‌వాడీ పాత కిరాయి గది కురుస్తోందని, ఈ జూన్‌లో దాన్ని మైసమ్మ వేప పక్కనున్న కమ్యూనిటీ హాలుకు మార్చారు. మార్చే ముందు వాళ్ల సూపర్‌వైజర్ ఆఫీసుకొచ్చి, పక్కన అంత పెద్ద చెట్టుంది, ప్రమాదం లేదా అని అడిగింది. విజేందర్ సార్ మ్యాపు తెరిచి వేలు పెట్టి చూపించాడు.

"గిదే సూడుండ్రి, పచ్చగున్నది. మా మంజులత సర్వే చేసింది. ఫికర్ జేయకుండ్రి."

అప్పుడు నేను అక్కడే ఉన్నాను, ఏదో సంతకం కోసం వచ్చి. నోరు తెరిచి ఒక్క మాట అంటే సరిపోయేది. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడి, సార్ మెచ్చుకుంటే నవ్వాను కూడా.

పది రోజులైంది. నా నాలుగేళ్ల అక్షితను రోజూ నేనే తీసుకుపోయి ఆ హాల్లో వదులుతున్నాను. ఒక్కరోజు కూడా తల ఎత్తి చెట్టును చూడలేదు. రేకుల కట్ట మొత్తం కొట్టేశాననీ, అదొక్కటీ ఎక్కడో పోయిందనీ నాకు నేనే చెప్పుకున్నాను. పోలేదు. సంచిలోనే కూర్చుని నా కోసం చూస్తోంది.

ఆ పొద్దున మబ్బు కమ్మి ఉంది. పెరట్లో ఆరేసిన బట్టలు తాడు మీద గింగిరాలు కొడుతున్నాయి. మధ్యాహ్నం ఈదురుగాలులతో వాన అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. చిత్రమేమిటంటే ఆ రోజు కూడా నాకు ముట్టే, రెండో రోజు. మైసమ్మ కావాలనే నన్ను పట్టుకుందనిపించింది.

మొదట చేసిన పని చెబితే మీరు నన్ను తిడతారు, తిట్టండి. అంగన్‌వాడీ టీచర్ అరుణమ్మకు ఫోన్ చేసి అక్షితకు జ్వరమని చెప్పాను. రేకూ టేపూ సుత్తీ ఆ సంచిలోనే వేసుకుని, పిల్లను పక్కింట్లో వదిలి తాళం వేసి బయటికొచ్చాను. ఒళ్లు కొంచెం తేలికపడింది. సందు మలుపులో మా వీధి దశరథం మామ మనవరాళ్లు ఇద్దరూ ఎదురయ్యారు, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని, చేతుల్లో స్టీలు గిన్నెలతో.

"అత్తా, అక్షిత రాదా?" అంది పెద్దది.

"జరమొచ్చింది బిడ్డా" అన్నాను.

ఆ రెండూ గిన్నెలు వాయించుకుంటూ హాలు వైపు పోయాయి. నా పిల్ల పక్కింట్లో భద్రంగా ఉంది, ఇంకొకరి పిల్లలు చెట్టు కిందికి పోతున్నారు. నేను వాళ్లను ఆపలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది. అక్కడి నుంచి ఆఫీసుకు దాదాపు పరుగెత్తాను.

"సార్, 417 మల్లొకసారి జూడాలె."

విజేందర్ సార్ మ్యాపులోంచి తల ఎత్తలేదు. "ఎందుకు? పచ్చనే గదా."

"లావు తప్పు రాసిననేమో అనిపిస్తాంది."

"అనిపించుడేంది? చెట్టు కాడికి పోయి కొలిసినవా, లేదా?"

ఆ గదిలో సార్‌తో పాటు ఇంకో ముగ్గురు మగవాళ్లున్నారు. వాళ్ల ముందు ఏమని చెప్పేది? "ఆ దినం టేపు తెగింది సార్" అన్నాను.

"మంచిగున్నది! గా ముచ్చట ఇప్పుడా జెప్పుడు? అది లాకయిపోయింది మంజులా, నోటిమాట మీద మార్చలేను. పో, టేపు చుట్టి ఫోటో పంపు. ఎర్రగైతే రేపు చెట్టు కొట్టేటోళ్లను తోలిస్త."

ఆయన రేపు అంటుండగానే కిటికీ రెక్క గాలికి దభాలుమని కొట్టుకుంది.

బయటికొచ్చి కరుణకు ఫోన్ చేశాను. ఆమె కూడా మాతో సర్వే చేసిన అమ్మాయే, నాకంటే చిన్నది. నా బదులు పోయి టేపు చుట్టమని అడుగుదామని నా ఆశ. ఆమె అచ్చంపేటలో అమ్మగారింట్లో ఉందట.

"నువ్వే పోరాదక్కా, ఎంతసేపు పని?"

"నేను పోరాదే ఇయ్యాల. ఆ దినం గూడ గిట్లనే ఉంటి. గందుకే దూరంకెల్లి రాసిన."

"అక్కా, నేను గూడ..." అని ఏదో అనబోయింది. అంతలో సిగ్నల్ పోయిందో, తనే పెట్టేసిందో, ఫోన్ కట్టయింది. ఆ సగం మాటను పట్టించుకునే తీరిక నాకప్పుడు లేదు.

మైసమ్మ దగ్గరికి చేరేసరికి గాలి బాగా లేచింది. గద్దె మీద ఉప్పలమ్మ కూర్చుని రాయికి పసుపు పూస్తోంది. డెబ్బై ఏళ్ల మనిషి. ఆ గద్దె ఊడ్చేదీ, దీపం పెట్టేదీ ఆమే. అమ్మ పూనినప్పుడు ఈమె చెప్పిన మాటకు వార్డులో ఎదురు లేదు. ఆమె కళ్లలోకి చూస్తే నా సంగతి తెలిసిపోతుందేమోనని నేల చూపులు చూస్తూ చెప్పులు విడిచాను.

"ఏందే, మల్ల కొలుస్తున్నవా?"

"ఆఫీసోళ్లు అడిగిండ్రవ్వా."

గద్దె మీద కాలు పెట్టాను. తల్లీ, ఈ ఒక్కసారికి నన్ను చూడకు, నా కాళ్లు తీసుకున్నా సరే పిల్లల జోలికి పోకు అని లోపల మొక్కుకుంటూ చెట్టు చుట్టూ టేపు తిప్పాను. రెండు వందల అరవై నాలుగు. ఫోటో తీసి సుత్తి పట్టుకుని తట్టడం మొదలుపెట్టాను. ముందు వైపు గట్టిగా టక్ టక్‌మంది. రాయి వెనక వైపు, ఏళ్ల తరబడి పసుపూ ఎర్రజాజూ పూసి పూసి దళసరి కట్టిన చోట, చప్పుడు మారింది. డబ్ డబ్‌మని, ఖాళీ గాబును కొట్టినట్టు. గోరుతో గీరాను. పసుపు పొర ఊడింది. కింద బెరడు లేదు. సిమెంటు ఉంది.

"అవ్వా, గిదేంది?"

"తొర్ర వడ్డదే. పాములు జొరవడుతున్నయని నేనే మేస్త్రీని వట్టి సిమెంటు వెట్టిచ్చిన. నాలుగేండ్లాయె. మంచిగ కనవడ్తలేదా?"

బాగానే కనపడుతోంది. కిరాణా దుకాణం అరుగు మీంచి చూస్తే ఇంకా బాగా కనపడుతుంది.

అప్పుడే ఒక పెద్ద గాలి వచ్చింది. పైన కొమ్మలన్నీ హాలు వైపు వంగాయి. నా పాదాల కింద ఏదో కదిలింది. గద్దెకూ మట్టికీ మధ్య నాలుగు వేళ్లు దూరేంత పగులు తెరుచుకుంది. గాలి తగ్గగానే మూసుకుంది. మళ్లీ గాలి వస్తే మళ్లీ తెరుచుకుంది. చెట్టు వేళ్లతో సహా లేస్తోంది. సుత్తి ఎక్కడ పడేశానో తెలియదు, హాల్లోకి పరుగెత్తాను.

పిల్లలు గోడవారగా వరుసలో కూర్చుని ఉన్నారు. పద్దెనిమిది మంది. అరుణమ్మ గుడ్లు ఒలిచి గిన్నెల్లో పెడుతోంది.

"టీచరమ్మా, పిల్లల్ని బయటికి తీయాలె. ఇప్పుడే. చెట్టు వడుతది."

"గిప్పుడా? వానొస్తాంది, ఏడికి తీస్కపోను? పచ్చ చుక్కనేగా అది? నువ్వే రాసినవన్నరు గదా."

"తప్పు రాసిన."

ఆమె చేతిలో గుడ్డు అలాగే ఉంది. నా మొహం చూసింది, తర్వాత అక్షిత రోజూ కూర్చునే మూల చూసింది. ఆమె మొహం మారిపోయింది.

"నీ బిడ్డకు నిజంగ జరమేనా మంజులా?"

నేను దగ్గరున్న పిల్లను చెయ్యి పట్టి లేపబోయాను.

"నీ బిడ్డను దాసుకొని మా పిల్లల్ని..." అని లేచింది. ఆమె ఎంత తిట్టినా పడేదాన్నే గానీ, తిట్లకు టైము లేదు.

"ఆ దినం నాకు ముట్టు టీచర్!" అని అరిచాను. "గద్దె ఎక్కుడు భయమై దూరంకెల్లి చూసి రాసిన. లోపలంత తొర్ర. ఉప్పలమ్మ సిమెంటు వెట్టిచ్చింది. ఇప్పుడు కొట్టి చూసొచ్చిన, మట్టి లేస్తాంది. నీ కాళ్లు మొక్కుత, తర్వాత చెప్పుతోని కొట్టు, ముందు పిల్లల్ని తియ్యి!"

అరుపుకు ఉప్పలమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఇప్పుడు ఎక్కినవ్ గదనే. మరి ఇయ్యాల?"

"ఇయ్యాల గూడ ముట్టే అవ్వా."

ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. అరుణమ్మ మాత్రం ఇంకొక్క మాట అడగలేదు. గుడ్ల గిన్నె అక్కడే వదిలేసి ఇద్దరు పిల్లలను చంకలకెత్తుకుంది. నేను ఇంకో ఇద్దరిని ఎత్తుకున్నాను. మిగతావాళ్లను కొంగులు పట్టుకోమని, వానలో రోడ్డు దాటించి కిరాణా దుకాణంలోకి తోశాం. రెండుసార్లు తిరిగాం. దుకాణంలో ఉప్పు బస్తాల మీద కూర్చోబెట్టి ఆమె లెక్కపెట్టింది, నేను లెక్కపెట్టాను. పద్దెనిమిది.

తిరిగి చూస్తే ఉప్పలమ్మ గద్దె దగ్గరకు పోయి రాయిని కావలించుకుని కూర్చుంది. నా పాపానికి అమ్మను బతిమాలుతోంది. నేను మళ్లీ రోడ్డు దాటి ఆమె రెక్క పట్టుకున్నాను.

"ముట్టకే నన్ను! ముట్టకు!" అని గింజుకుంది. నేను వదల్లేదు. ఈడ్చుకొచ్చాను. ముసలిదాని ఒళ్లు ఎంత బరువుందో ఇప్పటికీ నా భుజానికి తెలుసు.

రోడ్డు మధ్యలో ఉండగా వెనక కర్రుమని చప్పుడైంది. పెద్ద చప్పుడు కూడా కాదు. ఆ తర్వాతే నేల అదిరింది. వేప మొత్తం హాలు పైకప్పు రేకుల మీద పడుకుంది. గోడవార వరుసగా పెట్టిన స్టీలు గిన్నెల మీదికి కప్పు దిగిపోయింది. అక్షిత కూర్చునే మూల ఉన్నచోట కొమ్మలు తప్ప ఏమీ కనిపించలేదు.

గాలి కాస్త తగ్గేసరికి వార్డంతా పోగైంది. తల్లులు వచ్చి పిల్లలను లాక్కుని గుండెకు అదుముకుంటున్నారు. ఉప్పలమ్మ నడిరోడ్డు మీద నిలబడి నా వైపు వేలు చూపించింది.

"ముట్టుతోని గద్దె ఎక్కింది! నూరేండ్ల చెట్టు, ఇది ముట్టంగనే కూలె! అమ్మ ఊకుంటదా?"

ఒక్కొక్క తలా నా వైపు తిరిగింది. పిల్లలను ఇప్పుడే కావలించుకున్న ఆ తల్లులే రెండడుగులు వెనక్కి జరిగారు. చెట్టు కంటే ఆ చూపులకు ఎక్కువ భయపడ్డాను. అరుణమ్మ నా ముందుకొచ్చి నిలబడింది. "గా పొల్ల ఎక్కకపోతే ఇయ్యాల పద్దెనిమిది బొందలు తవ్వేటోళ్లు" అంది. అయినా వెనక్కి జరిగినవాళ్లు ముందుకు రాలేదు.

విజేందర్ సార్ బండి మీద వచ్చి, పడిన చెట్టు ఫోటో తీసి, నన్ను పక్కకు పిలిచాడు. యాప్‌లో 417 తెరిచి ఉంది. చెట్టు పోయిన కారణం అడుగుతోంది.

"గాలివాన అని వెడుతున్న. మంచి చెట్టు, గాలికి వడ్డది. ఎవ్వల తప్పు గాదు. నువ్వు జర నోరు మూసుకొని ఉండు, నీకేం గాదు."

ఉప్పలమ్మ అమ్మ కోపమంటోంది, సార్ గాలి అంటున్నాడు. కూలిన మానులో, సిమెంటు ఊడిన చోట, మనిషి పట్టేంత తొర్ర అందరి కళ్ల ముందే నల్లగా తెరుచుకుని ఉంది. ఒక్కరూ దాని వైపు చూడటం లేదు. సార్ మాట వింటే నేను బయటపడతాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో తల ఊపాను కూడా.

అప్పుడు కరుణ అన్న సగం మాట గుర్తొచ్చింది. నేను గూడ.

సర్వే చేసింది పన్నెండు మందిమి, పన్నెండు మందీ ఆడవాళ్లమే. ఇరవై ఆరు రోజులు తిరిగాం. ఊళ్లో మైసమ్మలున్నారు, పోచమ్మలున్నారు, ఎల్లమ్మలున్నారు. ప్రతి అమ్మకూ ఒక చెట్టుంది.

సర్వే ఆడవాళ్లకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. రేకును అరచేతిలో పెట్టుకుని ఫోటో తీసి పంపాను. కింద రాశాను: "గిది నా సంచిల మిగిలింది. ముట్టని ఈ చెట్టే ఇయ్యాల వడ్డది. మీ సంచులల్ల ఎన్ని మిగిలినయి? దాచకుండ్రి."

అందరూ చదివినట్టు కనిపించింది. తర్వాత అచ్చంపేట నుంచి కరుణ ఫోటో వచ్చింది. ఆమె అరచేతిలో మూడు రేకులు. దాని వెంటనే ఇంకొకరిది, ఒకటి. ఇంకొకరివి రెండు. ఆ తర్వాత లెక్కపెట్టలేకపోయాను. పక్కన విజేందర్ సార్ ఫోన్ కూడా మోగుతూనే ఉంది, ఆయనా ఆ గ్రూపులోనే ఉన్నాడు. ఆయన ఒక్కో నంబరు మ్యాపులో కొట్టి చూస్తున్నాడు. అన్నీ పచ్చవే.

"168 ఏడుంది సార్?" అని అడిగాను. కరుణ రేకుల్లో అది మొదటిది.

ఆయన తెర మీద వేలు పెట్టి చెప్పాడు. "బస్టాండుల. పోచమ్మ రావి."

వాన మళ్లీ పట్టుకుంది. మా బస్టాండుకు కప్పు లేదు. వానొస్తే బస్సు కోసం చూసేవాళ్లంతా ఆ రావి కిందికే చేరతారు. నేను గద్దె పక్కన పడి ఉన్న సుత్తిని వెతికి తీసుకుని, చెప్పులు అక్కడే వదిలేసి బస్టాండు వైపు పరుగెత్తాను.